పుట్టింటి బొట్టు రంగు

కుంకుడుకాయ నురగ వాసన వస్తే అందరికీ తలస్నానం గుర్తొస్తుందేమో. నాకు మాత్రం బంగారం గుర్తొస్తుంది. రాయదుర్గం బజారులో నా చిన్న కొట్టు తెరిచి, గిన్నె కడిగి, వేడినీళ్లలో కుంకుడుకాయలు వేసి పిసకడంతో నా పొద్దు మొదలవుతుంది. నా దగ్గర బంగారాన్ని పరీక్షించే మిషన్ ఉంది. నగను లోపల పెట్టి మూత వేస్తే కాసేపటికి బంగారం ఎంత, రాగి ఎంత, వెండి ఎంత అని తెర మీద అంకెలు వస్తాయి. అయినా కడగకుండా ఏ నగనూ అందులో పెట్టను. మొన్న జీన్స్ కుట్టే కంపెనీలో పనిచేసే ఒకమ్మాయి కొత్త కమ్మలు తెచ్చి నా ముందు పెట్టింది. "అక్కా, ముద్రయితే ఉండాది గానీ ఎర్రగా లేవే! మా అవ్వ కమ్మలు ఎంత ఎర్రగా ఉంటాయో తెల్సా? నన్ను మోసం జేసినారు" అని ఏడుపు మొహం పెట్టింది. నాకు నవ్వాగలేదు. ఆ పిల్ల వయసులో నేనూ ఇదే మాట అన్నాను. అన్నందుకు ఎన్ని చీవాట్లు తిన్నానో కూడా గుర్తుంది.

చీవాట్లు పెట్టిన మనిషి రుక్మిణమ్మక్క. నాకంటే ముందు ఈ కొట్టు ఆమెదే. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు కాబట్టి చెప్తున్నాను. పొట్టి మనిషి, గొంతు మాత్రం బజారు చివరిదాకా వినపడేది. కళ్లద్దాలకు దారం కట్టి మెడలో వేసుకునేది. బుగ్గలో ఎప్పుడూ వక్కపలుకు ఉండేది. భర్త నగలు చేసే ఆచారి. ఆయన పక్కన కూర్చొని చూసి చూసి పని నేర్చుకుంది. ఆయన పోయాక నగలు చేయడం ఆపేసి, చిన్న చిన్న కమ్మలూ ముక్కుపుడకలూ తెచ్చి అమ్మేది. పేరు మాత్రం బంగారం పరీక్షకే వచ్చింది. అందులోనూ ఒక పని ఈ చుట్టుపక్కల ఆమె తప్ప ఎవరూ చేసేవాళ్లు కాదు.

అది తాళిబొట్ల పరీక్ష. మా వైపు పెళ్లయిన ఆడమనిషి తాళి మెడలోంచి తీయదు. అందులో రెండు బొట్లుంటాయి. ఒకటి పుట్టింటివాళ్లు చేయిస్తారు, ఇంకోటి అత్తింటివాళ్లు. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు ఆచారుల దగ్గర చేయించినవి ఒకే దారానికి పక్కపక్కనే వేలాడుతూ ఉంటాయి కాబట్టి, జీవితమంతా వాటిని పోల్చి చూసి నోరు పారేసుకోవడానికి అందరికీ వీలే. ఏది మంచిదో తేల్చాలంటే గీటురాయి మీద గీయాలి. నల్లటి నున్నటి రాయి మీద నగను రుద్దితే బంగారు గీత పడుతుంది. దాని మీద యాసిడ్ చుక్క వేస్తే మంచి బంగారం గీత నిలబడుతుంది, కల్తీ ఎక్కువైతే ఆకుపచ్చగా పొంగి మాసిపోతుంది. తాళి తీయకుండా బొట్టును రాయి మీదికి తెచ్చేదెట్లా? మగ ఆచారి పరాయి ఆడదాని మెడ దగ్గర చెయ్యి పెట్టలేడు. రుక్మిణమ్మక్క రాయినే మెడ దగ్గరికి తీసుకుపోయేది. కొట్టు వెనక పాత చీర అడ్డం కట్టిన చాటులో పరీక్షకు వచ్చినామెను పీట మీద కూర్చోబెట్టి, బొట్టు కింద రాయి ఆనించి ఒక్క గీత గీసేది. తర్వాత రాయిని గడప దగ్గరికి, వెలుతురులోకి తెచ్చి చుక్క వేసి చూసేది. మళ్లీ చాటుకు పోయి ఆమె చెవిలో సంగతి చెప్పేది.

బయట మొగుడు నిలబడి ఉన్నా, అత్త నిలబడి ఉన్నా సరే, వాళ్లకు చెప్పేది కాదు. ఒకసారి తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన, పది ఊళ్లలో మాట చెల్లేవాడు, భార్యను తెచ్చి పరీక్ష చేయించి ఫలితం తనకు చెప్పమని గద్దించాడు. "ఏమప్పా, అది నీ మెడలో ఉండాదా? ఉంటే చెప్పు. పీట ఏస్తా, కూసో. నీ చెవిలోనే చెప్తా" అంది రుక్మిణమ్మక్క. ఎదురుగా టీ తాగేవాళ్లంతా నవ్వారు. ఆయన మొహం గంటుపెట్టుకొని జీపెక్కాడు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆమె నవ్వు నాకు కనపడింది.

నేను ఆ కొట్లో చేరడం విచిత్రంగా జరిగింది. పెళ్లయి రాయదుర్గం వచ్చాక జీన్స్ కంపెనీలో పనికి పోయేదాన్ని. నాది షేడు చూసే పని. ఒక తానులోని నీలం ఇంకో తానులోని నీలంలా ఉండదు. చూసుకోకుండా కుడితే ప్యాంటుకు ఒక కాలు ముదురుగా, ఒక కాలు లేతగా వస్తుంది. కుట్టకముందే ముక్కలు జతపరచాలి. ఆ దూదిపొట్టుకు దగ్గు పట్టుకుంది. పాప పుట్టాక డాక్టరు ఆ పని మానేయమన్నాడు. ఆ రోజుల్లో పక్కింటావిడకు తోడుగా రుక్మిణమ్మక్క కొట్టుకు పోయాను. ఆవిడ ఏరుకున్న కమ్మల జత చూసి ఊరికే ఉండలేక, "అక్కా, ఇవి ఒక జత గావు. ఒగటి రవ్వంత ఎర్రగుండాది" అనేశాను. రుక్మిణమ్మక్క వాటిని గడప దగ్గరికి తీసుకుపోయి, కళ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసింది. "నువ్వు యాడ పని జేస్తాండావు మే?" అంది. మానేశానని చెప్పాను. "అయితే రేపు పొద్దున ఈడికి రా. బిడ్డను కూడా ఎత్తుకొని రా" అంది. మర్నాడు పాపను చంకనేసుకొని పోయాను.

పని కావాలి కాబట్టి పోయానన్నది నిజమే. లోపల ఇంకో కారణం కూడా ఉంది, అది అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

మాది కుందుర్పి వైపు పల్లె. వాన పడితే శనక్కాయ, పడకపోతే గొర్రెలు, అదీ మా బతుకు. నా పెళ్లప్పుడు మా నాయన కుందుర్పిలో ఒక ఆచారి దగ్గర పుట్టింటి బొట్టు చేయించాడు. నున్నగా, లేత పసుపుగా ఉండేది. అత్తింటి బొట్టు మా అత్తవాళ్ల అత్తదట, పువ్వుల పనితో ఎర్రగా ధగధగలాడేది. పాపను తొట్లో వేసిన రోజు చుట్టాలంతా వచ్చారు. మా అత్త నా తాళికి పసుపు పూస్తూ రెండు బొట్లనూ అరచేతిలో పెట్టుకొని అందరికీ వినపడేట్టు, "చూడండప్పా, మాది యట్లుండాది, వాళ్లది యట్లుండాది! మొగం తెల్లబోయినట్ల లేదూ? ఇత్తడికి పూత పూసి బిడ్డ మెడకు కట్టి పంపినారు" అంది. మా నాయన అప్పుడు పంక్తిలో తింటున్నాడు. సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచాడు. చెయ్యి కడుక్కున్నాడు. నా దిక్కు ఒకసారి చూసి బస్టాండుకు పోయాడు. ఆ రోజు నుంచి మా ఇంటి గడప తొక్కడం మానేశాడు. అందుకే బంగారం సంగతి తెలుసుకోవాలనుకున్నాను. తెలుసుకోవాలంటే భయం కూడా ఉండేది. ఒకవేళ మా అత్త చెప్పిందే నిజమైతే?

మొదటి పాఠం చేరిన వారంలోనే జరిగింది. రుక్మిణమ్మక్క తెల్లగుడ్డ పరిచి మూడు ఉంగరాలు పెట్టింది. "దీంట్లో ఏది మేలు?" అంది. నేను ఆలోచించకుండా ఎర్రదాని మీద వేలు పెట్టాను. "యాలా?" అంది. "ఎర్రగుండాది గదక్కా" అన్నాను.

"మిరపకాయ గూడా ఎర్రగుంటాది. మెడలో ఏసుకుంటావా?" అని అరిచింది. పాప ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. దాన్ని ఒళ్లో వేసుకొని ఊపుతూనే నన్ను తిట్టింది, తిడుతూనే చెప్పింది. "మేలిమి బంగారం మెత్తన. నగ చేస్తే వంగిపోతాది. గట్టిపడల్లంటే ఇంగోటి కలపల్ల. రాగి కలిపితే ఎరుపు దిక్కు పోతాది. వెండి కలిపితే లేత పసుపు దిక్కు పోతాది. రెండూ కలిపితే నడాన నిలుస్తాది. ఏం కలిపినారో రంగు చెప్తాది. ఎంత కలిపినారో రంగు చెప్పదు, అది రాయి చెప్తాది. ఈ రెండూ ఒగటే అనుకునే మన జనం చెడిపోయేది." మూడు ఉంగరాలనూ నా చేతే గీయించింది. మూడు గీతలూ మూడు రంగుల్లో పడ్డాయి. చుక్క వేస్తే మూడూ నిలిచాయి. మూడింట్లోనూ బంగారం పాళ్లు ఒక్కటే.

తర్వాత గులాబి కాగితం సంగతి చెప్పింది. బంగారం కొట్లలో నగను గులాబిరంగు కాగితంలో చుట్టి ఇస్తారు, చూసే ఉంటారు. నేనది శుభానికనుకునేదాన్ని. ఆమె ఒకే గొలుసును ముందు ఆ కాగితం మీద, తర్వాత తెల్లగుడ్డ మీద పెట్టి చూపించింది. కాగితం మీద ఎర్రగా నవ్వుతున్న గొలుసు గుడ్డ మీదికి రాగానే మామూలుగా అయిపోయింది. "కాగితం ఎరుపు బంగారానికి అంటుకుంటాది. లైట్లూ అంతే. ట్యూబులైటు కింద చూడొద్దు, మిట్టమద్దేనం ఎండలో చూడొద్దు. పొద్దున గడప నీడలో చూడు" అంది. నీలం తానులు కూడా మేము కిటికీ దగ్గరికి తెచ్చే చూసేవాళ్లం అన్నాను. "అందుకే గదమ్మే నిన్ను పిల్చింది, నీ అందం జూసి కాదు" అంది. ఆ రోజు నాకు అన్నం సయించింది. లేత పసుపు అంటే వెండి కలిసిందని అర్థమే గానీ, బంగారం తక్కువని కాదని తెలిసింది. కానీ ఎంత కలిసిందన్నది మిగిలే ఉంది. రాయి నా చేతికిందే ఉన్నా నా బొట్టును మాత్రం దాని మీద పెట్టలేదు.

పాపకు చెవులు కుట్టించే వేళ వచ్చింది. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి, పుట్టింటివాళ్లు తెచ్చిన బంగారంతో కుట్టించాలి. మా ఆయన కుందుర్పి వైపు బస్సెక్కి పిలవడానికి పోయాడు. మా నాయన అల్లుడికి మంచి మర్యాదే చేశాడట. కోడి కోసి పెట్టి, చివర్లో చెప్పాడట. "అల్లుడా, నీ మీద నాకేం లేదు. మా బంగారం ఇత్తడని నలుగురిలో అనిపిచ్చుకున్న చోటికి నేను కమ్మలు పట్టుకొని యట్ల రావల్ల? రేపు బిడ్డ చెవి చీము పడితే అదీ మా బంగారం మీదికే వొస్తాది. మేం రాము." ఈ కబురు విని మా అత్త, "రాకపోతే పోనీ. మేనమామ వరసోళ్లు ఊర్లో లేరా? ఎవురి ఒళ్లోనైనా కుట్టిస్తాం" అంది. అదే జరిగితే నా పాపకు తాత లేడు, మామ లేడు, నాకిక పుట్టిల్లు లేదు. నాకు ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. మర్నాడు పొద్దున్నే కొట్టుకు పోయి పీట మీద కూర్చున్నాను.

"అక్కా, నా బొట్టు గీయి" అన్నాను. సంగతంతా చెప్పాను.

రుక్మిణమ్మక్క వక్క నమలడం ఆపింది. "ఇన్నాళ్లూ రాయి నీ దగ్గరే ఉండాది. నువ్వే యాల గీయలేదు?"

"భయమక్కా."

"తక్కువొస్తాదనా? సరే. తక్కువొస్తే ఏం జేస్తావు?"

నేను కొంగు మెడ చుట్టూ కప్పుకున్నాను. ఆమె రాయి తీసి అరలో పెట్టేసింది. "జవాబు లేకుండా రాయి ముందర కూసోగూడదు మే. అది చెప్పినాక నువ్వు వెనక్కి పోలేవు. లెయ్, పని జూసుకో" అంది. చచ్చేంత కోపమొచ్చింది. ఈమెకు మనసు కూడా ఆ నల్లరాయేనా అనుకున్నాను. ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. ఆమె కూడా పట్టించుకోలేదు, పాపకు మాత్రం రెండుసార్లు పాలు తాపింది.

కోపం దిగాక ఆలోచించాను. మా నాయన శనక్కాయ గింజను చూసి నూనె ఎంతొస్తుందో చెప్పగలడు, గొర్రె పల్లు చూసి వయసు చెప్పగలడు. బంగారం చూసి ఏమీ చెప్పలేడు. మర్నాడు పోయి రుక్మిణమ్మక్కతో, "తక్కువొస్తే ఆ ఆచారి మా నాయనను మోసం జేసినాడని తెలుస్తాది. మా నాయన మోసం జేసినాడని కాదు. ఆ మాట మా నాయనకూ నేనే చెప్తా, మా అత్తకూ నేనే చెప్తా" అన్నాను.

"ఇప్పుడు కుదిరింది. పో, మీ అత్తను పిల్చుకొని రా" అంది.

"మా అత్తనా!"

"మల్లేమి? నువ్వు నా దగ్గర పన్జేసే దానివి. మనమిద్దరమే గీసుకొని బాగుండాదంటే ఎవురు నమ్ముతారు? నేనైతే నమ్మను."

మా అత్త బెదిరే మనిషి కాదు. గెలవబోతున్నానన్న ధీమాతో మంచి చీర కట్టుకొనే వచ్చింది. చాటులో నన్ను పీట మీద కూర్చోబెట్టారు. రుక్మిణమ్మక్క రాయి తీయలేదు. ముందు కుంకుడు నురగ గిన్నె నా గడ్డం కింద పెట్టి, రెండు బొట్లనూ అందులో ముంచి మెత్తటి బ్రష్షుతో సందుసందునా రుద్దింది. అత్తింటి బొట్టు పువ్వుల్లోంచి ఎరుపు కారింది. గిన్నెలో నురగంతా ఎర్రబడింది. మా అత్త తొంగిచూసి, "అదేందీ, రంగు పోతాండాదే!" అంది.

"అమ్మా, పసుపు గుడ్డకు సబ్బు రుద్దితే ఏమయితాది?" అని అడిగింది రుక్మిణమ్మక్క.

"ఎర్రగయితాది."

"నీ కోడలు తాళికి పసుపు పూస్తాది, దినామూ సబ్బుతో నీళ్లు పోసుకుంటాది. మీ బొట్టుకు పువ్వుల పని ఉండాది, సందుల్లో పట్టుకొని గట్టిపడింది. ఈమెకు ముందు ఏసుకున్నామెదీ దాంట్లోనే ఉండాది. వాళ్లది నున్నన, ఏదీ నిలవలే. నువ్వు ఇన్నాళ్లూ పసుపును జూసి బంగారమనుకుంటివి."

కడిగిన తర్వాత కూడా అత్తింటి బొట్టు కొంచెం ఎర్రగానే ఉంది. కానీ ఆ ధగధగ లేదు. అప్పుడు రాయి వచ్చింది. చల్లటి రాయి గొంతుకు ఆనింది. రెండు గీతలు. రుక్మిణమ్మక్క రాయిని గడప దగ్గర పెట్టి, మా అత్తను పక్కనే నిలబెట్టుకొని రెంటి మీదా చుక్క వేసింది. నేను చూడలేక కళ్లు మూసుకున్నాను. కాసేపటికి, "రా మే, చూడు" అని పిలిచింది. రెండూ నిలిచి ఉన్నాయి. ఒకటి ఎర్రటి గీత, ఒకటి లేత గీత. "మీదాంట్లో రాగి కలిపినారు, వాళ్లదాంట్లో వెండి. మేలు రెండూ సమానమే" అంది. అక్కడే గడప మీద కూలబడి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను. మా నాయన గురించి భయపడాల్సిందేమీ లేదు.

మా అత్త ఒప్పుకోలేదు. "నీ రాయి తప్పుజెప్తాదేమో. నా మెడలోది గీయి. మా నాయన బళ్లారికి పోయి చేయించినాడు. అసలు బంగారమంటే అది. దానికి దీనికి పోల్చి చెప్పు" అని తనే పీట మీద కూర్చుంది. రుక్మిణమ్మక్క ఆమె బొట్లనూ అంతే శ్రద్ధగా కడిగింది. వాళ్ల నాయన ఇచ్చిన బొట్టు గీత రాయి మీద ఎంత బాగా పడిందో! అంత చక్కటి ఎరుపు నేనప్పటికి చూడలేదు. చుక్క పడగానే గీత ఆకుపచ్చగా పొంగింది. పొంగి, మాసి, అంచుల నుంచి కరుగుతూ పోయింది. చివరికి రాయి నల్లగా మిగిలింది. పక్కనే నా రెండు గీతలూ నిలబడే ఉన్నాయి కాబట్టి అదేమిటో మా అత్తకు ఎవరూ చెప్పనక్కరలేదు.

రుక్మిణమ్మక్క గబగబా నూనెగుడ్డతో రాయంతా తుడిచేసింది. వంగి మా అత్త చెవిలో ఏదో చెప్పింది. మా అత్త తుడిచిన రాయి దిక్కు చూసింది. అంత పెద్ద నోరున్న మనిషిని అట్లా చూస్తే నాకే జాలేసింది. తర్వాత, "మా నాయనకు తెలిసుంటాదా?" అంది.

"ఆయప్పకేం తెలుస్తాదమ్మా. చేసినోనికి తెలిసుంటాది. ఆయప్ప బిడ్డ మెడకు మంచిది కావల్లని అంత దూరం పోయినాడు. వాళ్లిచ్చింది కండ్లకద్దుకొని తెచ్చినాడు." రాయిని పక్కన పెట్టి, "కావల్లంటే దీన్ని మార్చి మంచి బంగారంతో చేయించిస్తా. మూడో మనిషికి తెలీదు" అంది.

మా అత్త బొట్టును పిడికిట్లో పట్టుకుంది. "వొద్దు. మా నాయన ఇచ్చింది ఇదే" అంది.

ఆమె లేవబోతుంటే రుక్మిణమ్మక్క చెయ్యి పట్టుకొని ఆపింది. "ఇంగొక మాట. నీ కోడలి బొట్టు గురించి నువ్వు అనింది ఎంతమంది ముందర?"

"చుట్టాలంతా ఉన్యారు."

"తక్కువ మాటయితే చెవిలో చెప్తా నేను. మంచి మాట చెవిలో చెప్పేది గాదమ్మా. అంతమంది ముందరా చెప్పల్ల." మా అత్త కొంగు సర్దుకొని లేచింది. ఇంటికి నడిచిపోతుంటే నాతో, "నువ్వు చూస్తివా?" అంది. "నేను గడప దిక్కు తిరిగి ఏడుస్తాంటినత్తా" అన్నాను. "నీ కండ్లకు కనపడకుండా పోతాదా" అని, పాపను నా చంకలోంచి తీసుకొని ముందు నడిచింది. ఆ సంగతి మళ్లీ మా ఇద్దరి మధ్యకు రాలేదు.

వారం తిరక్కుండా మా అత్త తనే బస్సెక్కి మా ఊరికి పోయింది. అక్కడ మా నాయనతో ఏం మాట్లాడిందో ఇద్దరిలో ఎవరూ నాకు చెప్పలేదు. చెవులు కుట్టే రోజు మా నాయన, మా తమ్ముడు వచ్చారు. పాప మామ ఒళ్లో కూర్చొని ఊరు లేచిపోయేట్టు ఏడ్చింది. అందరూ భోజనాలకు కూర్చున్నాక మా అత్త పంక్తుల మధ్య నిలబడింది. "ఒగ మాట చెప్పల్ల. పోయినసారి ఈడే మా వియ్యంకుని బంగారం తక్కువని అంటి. రాయి మీద గీయిస్తిని. మాదానికి సమానంగా నిలిచింది. నేను పసుపు జూసి మాట్లాడినా, బంగారం జూసి కాదు. తప్పు నాది, అన్నా" అంది. మా నాయన తలెత్తకుండా, "చాల్లేమ్మా. కూడు సల్లారిపోతాది, అందరినీ తిననీ" అన్నాడు. నేను ఓళిగల తట్ట పట్టుకొని నిలబడి ఉన్నాను, కళ్లనిండా నీళ్లు. "ఆడ నిలబడి ఏం జూస్తాండావు? ఇంగొకటి ఎయ్యి" అని నా మీద కసిరాడు. విస్తరి ఊడ్చుకొని తిన్నాడు. రుక్మిణమ్మక్క కూడా పంక్తిలోనే ఉంది. ఇదంతా తనకు పట్టనట్టు, పప్పులో ఉప్పు తక్కువైందని మాత్రం నాతో అంది.

తర్వాత ఆమె కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఆపరేషను చేయించుకున్నా ఇక రంగుల మీద నమ్మకం లేదని గీత పడ్డ ప్రతిసారీ రాయి నా చేతికిచ్చేది. ఆమె పోయేనాటికి కొట్టు నేనే నడుపుతున్నాను. మిషన్ వచ్చింది, హాల్‌మార్క్ వచ్చింది. జనం మాత్రం ఇంకా ఎర్రగా లేదనే వస్తారు. నేనూ ఇంకా తిడతాను, తిట్టి చెప్తాను. మొన్నటి అమ్మాయి కమ్మలు ముద్రకు తగ్గట్టే ఉన్నాయని బజారుకంతా వినపడేట్టు అరిచి చెప్పాను. తక్కువ వచ్చినవాళ్లకు తెర నా దిక్కు తిప్పుకొని, దగ్గరికి పోయి చెప్తాను.

మా అత్త పోయినేడాది, మా మామ కంటే ముందే, మెడలో తాళితోనే పోయింది. ఆమె తాళిబొట్లు మా ఆయన ఒక గుడ్డలో కట్టి ఉంచాడు. పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఈ మధ్య ఒక సాయంత్రం ఆయన ఆ మూట నా కొట్టుకు తెచ్చి, "రెండూ మిషన్లో పెట్టి చూడు. కరిగిచ్చి పాపకు ఏమన్నా చేపిద్దాం" అన్నాడు. రెండూ కడిగాను. ఆమెకు అత్తింటివాళ్లు చేయించింది మిషన్లో పెట్టి అంకె చూపించాను. రెండోది, ఆమె నాయన చేయించింది, తుడిచి మళ్లీ గుడ్డలో కట్టేశాను.

"దాన్ని పెట్టవా?" అన్నాడు.

"ఇది కరిగిచ్చేది కాదు. ఇంట్లో ఉండనీ."

"కరిగిచ్చొద్దులే. యట్లుండాదో అన్నా చెప్పు."

"అది నీకు చెప్పేది కాదు."

"మా అమ్మది! నాకు చెప్పకుంటే ఇంగెవురికి చెప్తావు?"

"మీ అమ్మకు ఎప్పుడో చెప్పినారులే" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. షట్టరు దించడానికి లేచాడు. మీకైనా ఇదంతా చెప్పానంటే, ఇందులో మా అత్త పేరు ఎక్కడా రాయలేదు కాబట్టే.